కామా దగ్గర ఆగిన చెంచురామయ్య

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు తునకలు తూర్పు నుంచి పడమరకి వరసగా, ఒకదానికొకటి తగలకుండా పోతున్నాయి. వాటిలో ఒక్కదానికీ చినుకు రాల్చే ఉద్దేశం లేదు. చెంచురామయ్య గట్టుమీద నిలబడి చివరి తునక పోయేదాకా చూసి, తల దించి, మిరపాకు ఒకటి తిప్పి అడుగువైపు చూశాడు. మిరప వేసినవాడికి ఆకు పైభాగంతో పెద్ద పనిలేదు. తామర పురుగు ఉండేది కిందనే.

పురుగు లేదు. నీళ్ళూ లేవు. మూడు బోర్లకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అది తొమ్మిదో రోజు. తోట పూతా పిందె మీద ఉంది. నల్లరేగడి నెర్రెలిచ్చి, వేలు పెడితే రెండో కణుపు దాకా దిగుతోంది. ఇంకో వారం తడి తగలకపోతే పిందె మొత్తం రాలుతుంది. ఆ తర్వాత వానొచ్చినా వరదొచ్చినా ఒకటే.

"నువ్వట్టా మబ్బుల్ని లెక్కబెడతా నిలబడితే మోటారు తిరుగుద్దా? పద, కరెంటాఫీసుకి పోదాం," అంది భార్య అంకమ్మ.

"సరే," అన్నాడు చెంచురామయ్య.

పెళ్ళిచూపుల్లోనూ అతనన్నది ఆ మాటే. తర్వాత ముప్పైరెండేళ్ళలో అంతకన్నా పొడుగు మాటతో అతనికి అవసరం పడింది బహు తక్కువ. అతను వాడకుండా మిగిల్చిన మాటలన్నీ వృథా పోనీకుండా అంకమ్మ వాడుకుంటూ వచ్చింది.

కరెంటాఫీసు ఆవరణలో నీలం పరదా కప్పి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దానిమీద ఒక కుక్క పడుకుని ఉంది. లైన్‌మన్ ఏడుకొండలు పరదా అంచు ఎత్తి చూపించాడు.

"ఇదిగో బాబాయ్, ఇది మీదే. మీ ఊరి పేరు సుద్దముక్కతో నేనే రాశా. అర్జీ ఒకటి పెట్టు, దానిమీద సంతకం పడగానే గంటలో ఎక్కిస్తా."

ఆఫీసు గేటు పక్కన రేకుల చూరు కింద బల్ల వేసుక్కూర్చునే నాగూరు సాయిబు నలభై ఏళ్ళుగా దస్తావేజులూ అర్జీలూ రాస్తున్నాడు. తండ్రి దగ్గర నేర్చిన విద్య. "రాతలో సందు ఉండకూడదు నాయనా. ఇవాళ నువ్వు ఈగ దూరే సందిస్తే, రేపు అందులో ఎవడో ఎకరం దూరుస్తాడు," అని తండ్రి చెప్పిన మాటని ఆయన ఒక్కనాడూ జవదాటలేదు. కాగితం ఈ అంచునుంచి ఆ అంచుకి, మాటని మాట తోసుకుంటూ, కామా అన్నది లేకుండా, ఎంత అర్జీ అయినా ఒకే వాక్యంలో రాస్తాడు. చివర చుక్క పెట్టి, చుక్కని కూడా ఎవరూ కదపకుండా రెండు అడ్డగీతలు గీస్తాడు. చెంచురామయ్య వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ గురించి సాయిబు మూడు పేజీలు రాశాడు. చుక్క మూడో పేజీ అడుగున పడింది.

అర్జీ పట్టుకుని లోపలికెళ్ళిన దంపతుల్ని గుమాస్తా పక్క గదికి పంపాడు. ఆ గది మీటర్లు బాగుచేసేది. మీటర్లని వరండాలో పోసి, తలుపుకి కొత్త బోర్డు కొట్టారు: 'విరామచిహ్నాల పర్యవేక్షణ విభాగం'.

ఆ విభాగం పుట్టి ఇరవై రోజులైంది. అంతకు ముందు నెలలో తనిఖీకి వచ్చిన పై అధికారి ఒకరు ఒక అర్జీని పైకి చదవబోయారు. ఆగే చోటు కోసం వెతుక్కుంటూ మొదటి పేజీ దాటారు. రెండో పేజీ సగంలో కళ్ళు తిరిగి పడిపోయారు. ముఖాన నీళ్ళు చల్లాక లేచి ముందు సోడా అడిగారు, తర్వాత పెన్ను అడిగారు. ముప్పైఏడు క్లాజుల మార్గదర్శకాలు అలా పుట్టాయి. ఆ అర్జీ ఎవరి చేతిరాతో నాగూరు సాయిబుకి తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు.

విభాగానికి అధికారి పరాంకుశం గారు. అర్జీని భూతద్దంతో మూడు పేజీలూ చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇందులో కామా ఎక్కడ?"

"రాయించలేదండి," అంది అంకమ్మ.

"సెమికోలన్?"

"అదేందయ్యా?"

"అమ్మా, విరామరహిత విజ్ఞాపనలు స్వీకరణార్హములు కావు, క్లాజు నాలుగు. దీన్ని చదవటంలో నాకేదైనా ప్రాణాపాయం సంభవిస్తే బాధ్యత ఎవరిది? తగు సంఖ్యలో కామాలూ, ఔచిత్యం మేరకు సెమికోలన్లూ పొందుపరచి పునఃసమర్పణ గావించండి."

"అయ్యా, ట్రాన్స్‌ఫార్మరు ఆ కుక్క కిందే ఉంది గదా!"

"ఉంది. కుక్కకి ఎలాంటి విజ్ఞాపనా అవసరం లేదు. మీకు ఉంది."

బయట నాగూరు సాయిబు ఆ సంగతి విని ఎర్రబడ్డాడు. "నలభై ఏళ్ళు! నా రాతలో దోమ కూడా దూరలా! కామాలు కావాలా? తీసుకోమను!" అని కొత్త కాగితం మీద ప్రతి మాట తర్వాతా ఒక కామా పొడిచాడు. అయ్యా, కామా. మా, కామా. ఊరి, కామా. పెన్ను రెండు చోట్ల కాగితాన్ని చీల్చింది.

చెంచురామయ్య ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, అడుగువైపు కూడా చూశాడు. పురుగు ఇంత దట్టంగా పట్టిన ఆకుని అతను జన్మలో చూడలేదు.

మర్నాడు పరాంకుశం గారు అది చూసి కుర్చీలో వెనక్కి జరిగారు. "ఇది అర్జీయా, చీమల పుట్టా? కామాల దుర్వినియోగం! క్లాజు తొమ్మిది! ప్రజాధనంతో అచ్చువేసిన మార్గదర్శకాలుండగా ఇంత అరాచకమా?" తర్వాత గొంతు తగ్గించి, "మీరు శిక్షణ తీసుకోవాలి. మూడు రోజులు. ఉదయం బిస్కెట్లు ఇస్తారు," అన్నారు.

"తోట ఎండిపోతావుంటే బిస్కెట్లేందయ్యా? మనిషివా, మానువా? ఆ పిందె నిలబడకపోతే మేం యాడాదంతా ఏం తిని బతకాల? నీ కామాలు నంజుకుని గంజి తాగాలా?"

"చూశారా, మీరు ఇప్పుడన్నదాంట్లో ఎక్కడా ఆగలేదు," అన్నారు పరాంకుశం గారు బాధగా. "శిక్షణ అందుకే."

శిక్షణ గదిలో అరవైమంది రైతులు కూర్చున్నారు. ఏదో ఒకటి కాలిపోయినవాళ్ళే అందరూ. గోడ పక్కన అటెండరు చేతిలో గంట. కామాకి ఒక గంట, సెమికోలన్‌కి రెండు, చుక్క పడితే బడి వదిలినట్టు పొడుగ్గంట.

"సజాతీయ పదాలు వరసగా వచ్చినప్పుడు కామా," అన్నారు పరాంకుశం గారు బోర్డు మీద రాస్తూ. "ఉదాహరణ: గేదెలు, ఆవులు, మేకలు వచ్చాయి."

టంగ్. టంగ్.

"గొర్రెలేవయ్యా?" అంది అంకమ్మ. "మేకలొస్తే గొర్రెలు రాకుండా ఉండవే."

"ఇది ఉదాహరణమ్మా."

"ఎవురి ఉదాహరణైనా కాసేవాడు ఒకడే గదా. గొర్రెల్ని వెనక ఒదిలేసి వస్తే వాడికి ఇంట్లో కూడు పెడతారా?"

గొర్రెల్ని చేర్చారు. మరో గంట కొట్టారు. వెనక వరసవాళ్ళు పందుల సంగతి ఎత్తేసరికి కాఫీకి వదిలారు.

రెండో రోజు సంబోధన తర్వాత కామా గురించీ, ఆ పైన సెమికోలన్ గురించీ చెప్పారు. "రెండు వాక్యాలు, దేనికది సంపూర్ణం. అయినా అర్థంలో పొత్తు ఉంది. కామా పెడితే చాలదు, చుక్క పెడితే పొత్తు తెగుతుంది. అక్కడ సెమికోలన్. ఉదాహరణ: వాన వెలిసింది; రైతు నవ్వాడు." వాన మాట వినగానే అరవైమందీ కిటికీ వైపు తిరిగారు. పరాంకుశం గారు ఉదాహరణ మార్చారు.

ఈ లోపల విరామాలు గది దాటి ఆఫీసంతా పాకాయి. క్యాంటీన్‌లో "ఒక టీ, ఒక బజ్జీ, చట్నీ ఎక్కువ" అని, ఆగవలసిన చోట ఆగి చెబితేనే పొయ్యి మీద మూకుడు పెట్టేవారు. స్తంభమెక్కిన లైన్‌మన్లు కిందికి అరిచేటప్పుడు కూడా విరామం పాటించాలని ఉత్తర్వు వచ్చింది. 'తీగ ముట్టుకోకు' అనే వాక్యంలో కామా అవసరం లేదని తేలినందున ప్రాణనష్టం జరగలేదు.

మూడో రోజు సాయంత్రం బస్సు కోసం రేకుల చూరు కింద నిలబడినప్పుడు చెంచురామయ్య ఉన్నట్టుండి నోరు తెరిచాడు.

"కామా, మొక్కకీ మొక్కకీ మధ్య ఎడం," అన్నాడు. "చుక్క, కంచె." కాసేపు ఆగాడు. "సెమికోలనేమో, అన్నదమ్ముల గట్టు."

నాగూరు సాయిబు పెన్ను పక్కన పెట్టి అతనివైపే చూశాడు. అన్నదమ్ములు వేరుపడ్డ చేలకి ఆయన వందల దస్తావేజులు రాశాడు. ఎవరి చేను వాళ్ళదే. గట్టు మాత్రం ఇద్దరిదీ. అటువాడూ ఇటువాడూ దానిమీదే నడవాలి.

"నలభై ఏళ్ళు రాసి నేను తెలుసుకోలా చెంచయ్యా," అన్నాడు. "సందు వేరు, గట్టు వేరు."

ఆ మాట మీదనే కొత్త అర్జీ రాశాడు. అర పేజీ. నాలుగు కామాలు, ఒక సెమికోలన్. మొదటి కామా పెట్టాక, ఎవరైనా అందులో దూరతారేమోనని కొంతసేపు కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిన పదిహేనో రోజున మౌఖిక పరీక్ష. అర్జీ ఎవరిదో వాళ్ళు విరామాలు పాటిస్తూ పైకి చదవాలి. ఇద్దరి పేరా అర్జీ కనక ఎవరైనా చదవచ్చన్నారు. ముందు అంకమ్మ లేచింది. మొదలుపెట్టటం అర్జీతోనే మొదలుపెట్టింది. రెండో వరసలో కాగితం వదిలేసి ట్రాన్స్‌ఫార్మర్ కాలిన రోజు సంగతిలోకి, అక్కడినుంచి కిందటేడు నకిలీ విత్తనాల్లోకి, అక్కడినుంచి పరాంకుశం గారి పుట్టు పూర్వోత్తరాల్లోకి వెళ్ళింది. పదకొండు నిమిషాలు. అటెండరు గంట ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"అమ్మా," అన్నారు పరాంకుశం గారు చివరికి, "మీరు ఊపిరి ఎప్పుడు తీసుకుంటారు?"

"మాట్లాడేటప్పుడేనయ్యా. దానికి మళ్ళీ ఇడిగా టైమెందుకు?"

చెంచురామయ్య లేచాడు. "అయ్యా," అన్నాడు. ఆగాడు. కిటికీలోంచి నీలం పరదా కనబడుతోంది. కుక్క లేచి, చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ పడుకుంది. అది సర్దుకునేదాకా చూసి తర్వాతి మాట చదివాడు. సెమికోలన్ దగ్గర అతను ఎంతసేపు ఆగాడంటే, గదిలో గోడ గడియారం చప్పుడు వినబడింది. గడియారం ఉందని చాలామందికి అప్పుడే తెలిసింది.

పరాంకుశం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నూటికి నూరు! ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంతటి విరామం వినలేదు. రేపు విరామ వారోత్సవాల ప్రారంభం. పై అధికారి గారు స్వయంగా విచ్చేస్తున్నారు. మిమ్మల్ని ఆదర్శ విరామ పౌరుడిగా సత్కరిస్తాం. రెండు మాటలు మాట్లాడాలి."

"ట్రాన్స్‌ఫార్మరు?" అన్నాడు చెంచురామయ్య.

"అర్జీ ఆమోదయోగ్యం. అయితే సిబ్బంది యావత్తూ అలంకరణ విధుల్లో ఉన్నారు. వారోత్సవాలు ముగియగానే, అంటే వారం తర్వాత, తగు చర్య నిమిత్తం పరిశీలిస్తాం."

చెంచురామయ్య చొక్కా జేబులో చెయ్యి పెట్టి, ఆ పొద్దున తోటలో ఏరిన పిందెలు గుప్పెడు తీసి బల్లమీద పెట్టాడు. రాలి, ఎండి, వంపు తిరిగి ఉన్నాయి.

పరాంకుశం గారు ఒకటి తీసుకుని భూతద్దం కింద పెట్టారు. వారి ముఖం విప్పారింది.

"అచ్చం కామాలే! ఈ వంపు చూడండి, ఈ తొడిమ చూడండి! వేదికకి తోరణం కట్టిస్తే ఎంత సందర్భోచితం! ఇంకో గంపెడు తేగలరా?"

అంకమ్మ నోరు తెరిచింది. ముప్పైరెండేళ్ళలో మొదటిసారి ఆమెకి మాట రాలేదు. చెంచురామయ్య పరాంకుశం గారి ముఖంలోకి, ఆకు అడుగు చూసినట్టు, చాలాసేపు చూశాడు.

"సరే," అన్నాడు.

పదహారో రోజు ఉదయం పదిన్నరకి సభ మొదలైంది. ఆవరణలో షామియానా, వేదిక మీద పై అధికారి, కింద ఆఫీసు ఇంజినీరు ఏఈ, సిబ్బంది, శిక్షణ పొందిన రైతులు. వేదిక నిండా మిరప పిందెల తోరణాలు. వెనకవైపు వంటవాళ్ళు పులిహోర కలుపుతున్నారు. ఇంగువ వాసన మైకుదాకా వస్తోంది. షామియానాలో చోటు చాలక నీలం పరదాని, కుక్కతో సహా, గేటు పక్కకి జరిపారు.

పరాంకుశం గారు మార్గదర్శకాలు చదివారు. పద్నాలుగో క్లాజు దగ్గర గొంతు పెంచారు: "కామా వద్ద గాని, సెమికోలన్ వద్ద గాని ఆగిన వక్తను తొందరపెట్టరాదు, వాక్యం పూర్తియై పొడుగ్గంట మోగునంతవరకు సభికులు, సిబ్బంది, అధికారులు తమ స్థానములు వీడరాదు." పై అధికారి తలాడించారు. ఆ క్లాజు వారు సొంతంగా రాసింది.

శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. చెంచురామయ్య తోరణాల వైపు ఒకసారి చూసి, సభ వైపు తిరిగాడు.

"అయ్యలారా," అన్నాడు.

టంగ్.

అందరూ మెచ్చుకోలుగా తలలాడించారు. అయిదు నిమిషాలు గడిచాయి. "ఏం పట్టు!" అన్నారు పరాంకుశం గారు మెల్లగా. పదిహేను నిమిషాలు గడిచాయి. పదకొండున్నర అయింది. చెంచురామయ్య మైకు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. గట్టుమీద నిలబడి మబ్బుల్ని చూసే మనిషికి ఇదొక లెక్క కాదు.

పన్నెండుకి పై అధికారి వంగి, "ఏమైందితనికి?" అన్నారు.

"కామా దగ్గరున్నారు సార్."

"ఎంతసేపుంటారు?"

"గరిష్ఠ పరిమితి మనం నిర్దేశించలేదు సార్. ఆలోచన మధ్యలో ఆటంకం కూడదని తమరే..."

ఒంటిగంటకి ఏఈ సగం లేచి, అటెండరు చూపుకి మళ్ళీ కూర్చున్నాడు. అటెండరుకి గంట ఇచ్చినప్పటినుంచీ బాధ్యత పెరిగింది. పులిహోర వాసన వస్తూనే ఉంది. పై అధికారి కడుపులో శబ్దం మైకులో వినబడింది. అది సెమికోలనేమోనని అటెండరు ఒక క్షణం తటపటాయించాడు.

పై అధికారి మొదటి వరసలో ఉన్న అంకమ్మని చేసైగతో పిలిచారు. "అమ్మా, మీ ఆయన తర్వాతి మాట ఎప్పుడంటాడు?"

"ఆయన మాట నోట్లో లేదయ్యా. అదిగో, ఆ గేటు పక్కన, పరదా కింద ఉంది. మీద కుక్క పడుకునుంది."

పై అధికారి చూశారు. పరాంకుశం గారూ చూశారు. ఇన్ని రోజులుగా ఆ గది కిటికీలోంచి రోజూ కనబడిన పరదాని వారు అప్పుడే మొదటిసారి చూసినట్టున్నారు.

"ఫైలు వారం తర్వాత సార్," అన్నారు.

"వాక్యం మధ్యలో ఇచ్చే ఉత్తర్వుకి ఫైలు కావాలని ఎక్కడైనా ఉందా?"

పరాంకుశం గారు ముప్పైఏడు క్లాజులూ తిరగేశారు. "లేదు సార్."

"అయితే ఎక్కించండి!"

"స్థానాలు వీడకూడదు గదా సార్."

ఏడుకొండలు గేటు దగ్గరినుంచి చెయ్యెత్తాడు. "నాకు కుర్చీ వెయ్యలేదండి. నేను మొదట్నుంచీ నిలబడే ఉన్నా. నాకు స్థానం లేదు."

అతనూ, అతనిలాగే కుర్చీ దొరకని నలుగురూ కలిసి ట్రాన్స్‌ఫార్మర్‌ని ట్రాక్టరు మీదికి ఎక్కించారు. కుక్క నొచ్చుకుని దిగింది. ట్రాక్టరు గేటు దాటి, మలుపు తిరిగి, చప్పుడు సన్నగిల్లిపోయాక చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. సభ మొత్తం ముందుకి వంగింది.

"ట్రాన్స్‌ఫార్మరు బయల్దేరింది," అన్నాడు.

అటెండరు పరాంకుశం గారి వంక చూశాడు. పరాంకుశం గారు చెంచురామయ్య ముఖం చూసి, కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళు ఎత్తారు.

టంగ్, టంగ్.

"సెమికోలన్," అన్నారు పై అధికారి నీరసంగా.

ఊరు ఎనిమిది కిలోమీటర్లు. స్తంభమెక్కించటం, తీగలు బిగించటం, ఊరి జనం తలా ఒక సలహా ఇవ్వటం. రెండున్నర. మూడు. ఎవరో నిద్రలో గురక పెడితే పక్కవాళ్ళు పొడిచి లేపారు. మూడూ పదికి అంకమ్మ చేతిలో ఫోను మోగింది. ఆమె స్పీకరు నొక్కి పైకెత్తి పట్టుకుంది. ముందు గాలి చప్పుడు, తర్వాత గొట్టంలోంచి నీళ్ళు తన్నుకొచ్చే చప్పుడు. దానిమీదుగా ఏడుకొండలు కేక: "మూడూ పోస్తన్నాయి పిన్నీ! మొదటి సాలు తడిసింది!"

అంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంచురామయ్య ఆ నీళ్ళ చప్పుడు కొంచెంసేపు విని, మైకులో అన్నాడు:

"నీళ్ళు పడ్డాయి."

అటెండరు నాలుగు గంటలుగా దాచుకున్న బలమంతా పెట్టి పొడుగ్గంట కొట్టాడు.

పరాంకుశం గారు లేచి నిలబడి, ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని మొదటినుంచి చివరిదాకా వెతికారు. ఒక కామా, ఒక సెమికోలన్, ఒక చుక్క. దిద్దటానికి ఏమీ దొరకలేదు. పెన్ను మూత పెట్టేశారు.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. పై అధికారి, పరాంకుశం గారు, నాగూరు సాయిబు, అంకమ్మ, అటెండరు, రైతులు, ఎవరికి దొరికిన విస్తరి ముందు వాళ్ళు. పులిహోర చల్లారిపోయింది. వంకాయ కూర మీద నూనె పేరింది. ఎవరూ నోరు మెదపలేదు. ఒక్క మాటంటే మళ్ళీ ఏ వాక్యం మొదలవుతుందోనని అందరికీ భయంగానే ఉంది. పై అధికారికి పెరుగు కావలసి వచ్చి వేలితో చూపించారు. వడ్డించేవాడు గరిటెతో ఎంత అని అడిగాడు. అంకమ్మ ఏదో అనబోయి, మనసు మార్చుకుని, ముద్ద పెట్టుకుంది.

చెంచురామయ్య తన విస్తరి అంచు పైకెత్తి, కిందివైపు ఒకసారి చూసి, మళ్ళీ పరిచి, అన్నం కలుపుకున్నాడు.